వెనక స్ప్రింగ్ కొనే ముందు టేపు తియ్యండి

"గురూ, నా బండికి వెనక స్ప్రింగ్ ఏది వెయ్యమంటావు?"

వానలు తగ్గి సీతంపేట కొండలు పచ్చబడితే చాలు, ఈ ప్రశ్న వారానికి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. ఆడలి వ్యూ పాయింట్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు, సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ దాకా పోయొచ్చినవాళ్ళు, ఎస్.కోట మీదుగా అరకు వెళ్తూ గుంతలో పడి వెనక "డబ్" అని వినపడ్డవాళ్ళు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చి, మొత్తం ఒకే చోట రాస్తున్నాను.

ఏ స్ప్రింగో నేను చెప్పలేను. మీ బండే చెబుతుంది. దాన్ని అడగడానికి ఒక టేపు, ఇద్దరు స్నేహితులు, ఒక గంట తీరిక ఉంటే సరిపోతుంది. అడగకుండా కొన్న స్ప్రింగులు మా శ్రీకాకుళంలో ఎన్ని ఇళ్ళ అటకల మీద ఉన్నాయో నాకు తెలుసు. వాటిలో ఒకటి నాదే.

ఈ పద్ధతి ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి వెనక ఒకే షాక్ (కుదుపులు మింగే షాక్ అబ్జార్బర్) ఉండే డ్యూయల్ స్పోర్ట్ (రోడ్డు మీదా మట్టిబాటల్లోనూ తిరిగే) బళ్ళకి. రెండు షాకులున్న బండికీ లెక్క ఇదే, కాకపోతే స్ప్రింగులు జతగా మార్చాలి.

అసలు జబ్బు స్ప్రింగ్‌దేనా?

ఇది తేల్చుకోకుండా ముందుకెళ్ళకండి. నా పాత బండి వెనక గుద్దుతోందని ఒక షాపుకి తీసుకెళ్తే "స్ప్రింగ్ మెత్తబడిపోయింది, గట్టిది వేసేద్దాం" అన్నారు. వేశారు. ఇంకా ఎక్కువ గుద్దింది. రెండు నెలలు నడుం పట్టేశాక నేనే కూర్చుని ఊడదీస్తే, షాక్ కింద ఉండే లింకేజీ (షాక్‌ని వెనక చక్రం వైపుకి కలిపే కదిలే ముక్కలు) బేరింగుల్లోంచి గ్రీజు బదులు ఎర్రటి పొడి రాలింది. కళింగపట్నం బీచ్ ఇసుకలో, ఉప్పుగాలిలో తిప్పిన పాపం. బేరింగులు మార్చి, పాత స్ప్రింగే తిరిగి వేస్తే బండి పట్టులా నడిచింది. డబ్బులు పోసి కొన్న గట్టి స్ప్రింగ్ అటకెక్కింది.

అందుకని ముందు ఈ మూడూ చూడండి.

షాక్ రాడ్ మీద వేలు పెట్టి రాయండి. నూనె తడి, దానికి అంటుకున్న దుమ్ము ఉంటే సీలు పోయింది. అది స్ప్రింగ్ పని కాదు, షాక్ రిపేరు పని.

వెనక సీటు మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కి వదలండి. బండి ఒకసారి లేచి నిలబడాలి. పడవలా రెండు మూడు సార్లు ఊగితే లోపల డ్యాంపింగ్ (ఊపుని అణిచే గుణం) పోయినట్టు. ఎంత మంచి స్ప్రింగ్ వేసినా ఊగుతూనే ఉంటుంది.

వెనక చక్రం గాల్లోకి లేపి, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని మోసే చెయ్యిలాంటి భాగం) పట్టుకుని పైకీ కిందకీ కదపండి. టకటక చప్పుడొస్తే బుష్షులో బేరింగులో అరిగాయి. బిగుసుకున్న బేరింగులు మాత్రం ఇలా దొరకవు, వాటికోసం లింకేజీ బోల్టులు తీసి చేత్తో తిప్పి చూడాల్సిందే.

ఇంకో మాట. స్ప్రింగ్ పాతబడితే పొడవు కాస్త తగ్గొచ్చు గానీ దాని గట్టిదనం దాదాపు అలాగే ఉంటుంది. "పాతదై మెత్తబడింది" అనే మాట నమ్మి కొనకండి. కొనాల్సింది మీ బరువుకి అది చాలనప్పుడు.

కావలసినవి

మిల్లీమీటర్లు కనబడే స్టీలు టేపు. మాస్కింగ్ టేపు ముక్క, పెన్ను. ఇద్దరు మనుషులు (ఒకరు బండి నిలబెట్టడానికి, ఒకరు కొలవడానికి, మీరు కూర్చోవడానికి). స్ప్రింగ్ పైనున్న కాలర్ (దాన్ని బిగించే వలయం) తిప్పే హుక్ స్పానర్, ఇది చాలా బళ్ళకి టూల్ కిట్‌లోనే వస్తుంది. వెర్నియర్ (మందం, వ్యాసం కొలిచే పరికరం). 150 కేజీల దాకా చూపించే బరువు మిషన్. 25 కేజీల బియ్యం బస్తాలు ఒకటో రెండో, వంటింట్లో అడిగి తెచ్చుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను.

వీటితోపాటు ఒక అంకె కావాలి: మీ బండి వెనక చక్రం మొత్తం ఎంత దూరం పైకీ కిందకీ కదలగలదు అన్నది. దీన్నే ట్రావెల్ అంటారు, మాన్యువల్‌లో ఉంటుంది. మామూలు ఎక్స్‌పల్స్ 200కి 170 మి.మీ., దాని ర్యాలీ ఎడిషన్‌కి 220, పాత హిమాలయన్ 411కి 180, కొత్త 450కి 200. షాక్ రాడ్ పొడవు కొలిచి ఇదే ట్రావెల్ అనుకునేవాళ్ళు ఉన్నారు. కాదు. చక్రం కదిలే దూరం వేరు, షాక్ కదిలే దూరం వేరు. ఇక్కడ మనకి కావాల్సింది చక్రానిది.

1. బండిని రోజూ ఉండేలా పెట్టుకోండి

పెట్రోలు సగం ట్యాంకు. టైర్లలో గాలి మామూలుగా ఉంచే లెక్క. ఎప్పుడూ తగిలించి ఉండే ర్యాక్, క్రాష్ గార్డ్ అలాగే ఉండనివ్వండి. గచ్చు నేల ఉండాలి. మట్టి నేల మీద కొలిస్తే చక్రం దిగబడి అంకెలు అబద్ధం చెబుతాయి.

2. చక్రం గాల్లో ఉండగా మొదటి కొలత

వెనక ఇరుసు నట్టుకి సరిగ్గా పైన, సీటు కిందో టెయిల్ ప్యానెల్ మీదో మాస్కింగ్ టేపు ముక్క అంటించి పెన్నుతో అడ్డగీత గియ్యండి. కొలతలన్నీ ఇరుసు మధ్యనుంచి ఈ గీతకే. మెయిన్ స్టాండ్ ఉంటే దాని మీద నిలబెట్టి చక్రం నేలకి తగలకుండా చూడండి. లేకపోతే సైడ్ స్టాండ్ మీద ఉన్న బండిని ఇద్దరు అటువైపు వంచి వెనక చక్రం లేపి పట్టుకోవాలి. ఈ పని ఒక్కరే చెయ్యబోతే బండి మీద పడుతుంది. ఇంజిన్ కింద ఇటుకలు పేర్చేటట్టయితే బాష్ ప్లేట్ (ఇంజిన్ అడుగున ఉండే కాపలా రేకు) మీదే బరువు పడాలి, సైలెన్సర్ పైపు మీద కాదు.

మా బావ బండికి ఈ కొలత 560 మి.మీ. వచ్చింది. ఆయన బండినే ఉదాహరణగా తీసుకుందాం. ట్రావెల్ 170, మనిషి బరువు 82, హెల్మెట్టు జాకెట్టు బూట్లతో 90 కేజీలు.

3. బండి తన బరువుకే ఎంత కుంగుతోంది

బండిని నేల మీద నిటారుగా నిలబెట్టండి, ఎవరూ కూర్చోకూడదు. ఒకరు హ్యాండిల్ దగ్గర వేళ్ళతో మాత్రమే పట్టుకోవాలి. వెనక సీటు నొక్కి మెల్లిగా వదిలి ఒకసారి కొలవండి. మళ్ళీ వెనక కొద్దిగా పైకి లాగి మెల్లిగా దింపి ఇంకోసారి కొలవండి. రెండూ సమానంగా రావు. సీళ్ళ దగ్గర, బుష్షుల దగ్గర రాపిడి ఉంటుంది కాబట్టి 4, 5 మి.మీ. తేడా మామూలే. రెండింటి సగటు రాసుకోండి. తేడా 10 దాటిందంటే ఎక్కడో పట్టేస్తోంది, మళ్ళీ బేరింగుల దగ్గరకే వెళ్ళండి.

బావ బండికి సగటు 543. అంటే 560 లోంచి 543 తీస్తే 17 మి.మీ. కుంగింది. దీన్ని ఖాళీ సాగ్ అందాం. (సాగ్ అంటే వ్యవసాయమా అని ఆయన అడిగాడు. వరిసాగు కాదు బావా, బండి కుంగడం.)

4. మీరు కూర్చుంటే ఎంత

పూర్తి సామానుతో కూర్చోండి. లుంగీ మీద కూర్చుని కొలిపించుకుని, రైడ్‌కి 8 కేజీల గేరు వేసుకుంటే లెక్క తప్పుతుంది. కాళ్ళు రెండూ ఫుట్‌పెగ్గుల మీద ఉండాలి. ఒకరు ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుంటారు. వెనకటిలాగే నొక్కి ఒకసారి, లాగి ఒకసారి కొలిచి సగటు తియ్యండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కాలి మునివేళ్ళు నేలకి ఆనించి కూర్చుంటారు. ఆ వేళ్ళ మీదకి పది పదిహేను కేజీలు తేలిగ్గా వెళ్ళిపోతాయి. రెండో తప్పు, కొలిచేవాణ్ణి చూడాలని వెనక్కి తిరగడం.

బావ కూర్చుంటే 500 వచ్చింది. 560 లోంచి తీస్తే 60 మి.మీ. ఇది మనిషితో సాగ్.

5. రెండు అంకెలూ కలిపి చదవండి

మన రోడ్లకీ కొండ బాటలకీ తిరిగే బండికి మనిషితో సాగ్ ట్రావెల్‌లో 30 నుంచి 33 శాతం ఉండాలి. ఖాళీ సాగ్ సుమారు 10 శాతం, అటూ ఇటూ రెండు శాతం. 170 ట్రావెల్‌కి అది మనిషితో 51 నుంచి 56, ఖాళీగా 14 నుంచి 20.

బావకి 60 వచ్చింది, కుంగు ఎక్కువ. కాబట్టి ముందు స్ప్రింగ్ పైనున్న కాలర్ తిప్పి ప్రిలోడ్ (బరువు పడకముందే స్ప్రింగ్‌ని నొక్కి ఉంచడం) పెంచాం. మనిషితో సాగ్ 54కి వచ్చేదాకా. అప్పుడు మళ్ళీ ఖాళీ సాగ్ కొలిస్తే 11. ఉండాల్సిన దానికంటే తక్కువ.

ఇప్పుడు చెప్పండి, స్ప్రింగ్ మెత్తనా, గట్టా?

పదిమందిలో తొమ్మిదిమంది "ఖాళీగా తక్కువ కుంగుతోంది కాబట్టి గట్టిది" అంటారు. తిరగేసి చూడాలి. స్ప్రింగ్ మెత్తగా ఉంది. మెత్తనిది కాబట్టే మనిషిని మొయ్యడానికి కాలర్ అంతలా బిగించాల్సి వచ్చింది. అంతలా బిగించాక బండి సొంత బరువు దాన్ని నొక్కలేకపోతోంది, అందుకే ఖాళీగా తక్కువ కుంగింది. అలాంటి బండి స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక చక్రం కిందికి సాగే చోటు లేక టక్కుమని తగులుతుంది, పెద్ద గుంతలో మాత్రం అడుక్కి కొడుతుంది. రెండు బాధలూ ఒకేసారి.

దీనికి ఎదురుగా: మనిషితో సాగ్ సరిగ్గా పెట్టాక ఖాళీ సాగ్ 25, 30 ఉందంటే స్ప్రింగ్ గట్టిది. కాలర్ పూర్తిగా వదిలేసినా మనిషితో 40 దాటలేదంటే మరీ గట్టిది. సన్నగా 55 కేజీలుండే కుర్రాళ్ళకి కంపెనీ స్ప్రింగే గట్టిది కావడం నేను చూశాను. వాళ్ళొచ్చి "ఇంకా గట్టిది కావాలి, గుద్దుతోంది" అంటారు. గుద్దేది గట్టిగా ఉన్నందుకే నాయనా.

కాలర్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందన్న నమ్మకం వదిలించుకోండి. పొట్టివాణ్ణి ఇటుక మీద నిలబెడితే ఎత్తు పెరుగుతుంది, బలం పెరగదు. కాలర్ ఆ ఇటుక. ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కేజీలు పట్టేదో అదే పడుతుంది.

రెండు అంకెలూ పరిధిలోనే ఉంటే స్ప్రింగ్ కొనాల్సిన పని లేదు. ఆ డబ్బుతో షాక్‌లో నూనె మార్పించుకోండి, లేదా అరకు వెళ్ళి రండి.

6. ఎంత గట్టిది కావాలి

దీనికి లింకేజీ రేషియో, చక్రం దగ్గర రేటు అని పెద్ద పెద్ద లెక్కలు చెబుతారు. మనకి అవసరం లేదు. ఖాళీ సాగ్‌కీ మనిషితో సాగ్‌కీ మధ్య తేడా చూడండి. అది మీ బరువు ఒక్కటే స్ప్రింగ్‌ని ఎంత నొక్కిందో చెబుతుంది. కాలర్ ఎక్కడున్నా ఈ తేడా మారదు.

బావకి మొదట 60 లోంచి 17, తేడా 43. బిగించాక 54 లోంచి 11, మళ్ళీ 43. (మీకు ఈ రెండు తేడాలూ 2, 3 మి.మీ. కంటే ఎక్కువ వేరుగా వస్తే ఎక్కడో కొలత తప్పింది. ఇదే మీ సరిచూపు.) కావాల్సిన తేడా 54 లోంచి 17, అంటే 37.

ఉన్న తేడాని కావాల్సిన తేడాతో భాగించండి: 43 బై 37, అంటే 1.16. పాత స్ప్రింగ్ కంటే 16 శాతం గట్టిది కావాలి. అంతే.

వెనక అప్పుడప్పుడు మనిషి ఉంటే? "ఇంటావిడతో కలిపి కొలిచి దానికి సరిపడా వేసేద్దాం" అనుకోకండి. ఐదింట నాలుగుసార్లు ఒక్కరే వెళ్తే, ఒక్కరికే ఎంచుకోండి. ఇద్దరెక్కిన రోజున కాలర్ బిగించుకోండి. అది చాలుతుందో లేదో ఇంట్లోనే తెలుసుకోవడానికే ఆ బియ్యం బస్తా. వెనక సీటు మీద బస్తా కట్టి, మీరు కూర్చుని, కాలర్ ఒక్కో మెట్టూ పెంచుతూ కొలవండి. ఒక బస్తా అంటే రెండు రోజుల ట్రిప్ సామాను. రెండు బస్తాలంటే సన్నటి మనిషి. చివరి మెట్టులో కూడా సాగ్ 40 శాతం దాటుతోంటే, అప్పుడు లెక్కకొచ్చిన దానికంటే ఒక సైజు గట్టిది తీసుకోవచ్చు. ఎప్పుడూ ఇద్దరే తిరిగే జంటలు మాత్రం ఇద్దరి బరువుతోనే కొలుచుకోండి.

7. పాత స్ప్రింగ్ రేటు ఎంతో కనుక్కోవడం

16 శాతం గట్టిది సరే, దేనికంటే? ఇక్కడే పని చిక్కుపడుతుంది. కంపెనీలు చాలావరకు ఈ రేటు, అంటే స్ప్రింగ్‌ని ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి పట్టే కేజీలు, మాన్యువల్‌లో ఇవ్వవు.

మంచి దారి: షాక్ ఎలాగూ విప్పిస్తారు కాబట్టి, స్ప్రింగ్‌ని హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న లేత్ షాపుకి తీసుకెళ్ళండి. ప్రెస్సు మీద బరువు మిషన్, దాని మీద మందపాటి రేకు, రేకు మీద స్ప్రింగ్ నిలబెట్టండి. స్ప్రింగ్ లోపల ఒక పొట్టి పైపు ఉంచండి, పక్కకి వంగి జారకుండా. మెల్లిగా 5 మి.మీ. నొక్కి బరువు చూడండి. ఇంకో 10 నొక్కి మళ్ళీ చూడండి. బావ స్ప్రింగ్ 5 దగ్గర 42 కేజీలు, 15 దగ్గర 125 చూపించింది. తేడా 83ని 10తో భాగిస్తే మిల్లీమీటరుకి 8.3 కేజీలు. మొదటి 5 మి.మీ. లెక్కలోకి తీసుకోకపోవడానికి కారణం ఉంది: స్ప్రింగ్ చివరలు సర్దుకునేది అక్కడే. మిషన్ 150 దాటనివ్వకండి, పగిలిపోతుంది. ముఖం స్ప్రింగ్‌కి ఎదురుగా పెట్టకండి, అది జారితే బుల్లెట్టే.

రెండో దారి వెర్నియర్. తీగ మందం, చుట్ట సగటు వ్యాసం, పనిచేసే చుట్టల లెక్క ఉంటే రేటు వస్తుంది. తీగ మందాన్ని నాలుగుసార్లు గుణించి (మందం × మందం × మందం × మందం) 79,000తో గుణించండి. దాన్ని, వ్యాసాన్ని మూడుసార్లు గుణించి వచ్చినదానికి 8నీ చుట్టల సంఖ్యనీ గుణించి, దానితో భాగించండి. జవాబు న్యూటన్లలో వస్తుంది, 9.81తో భాగిస్తే కేజీలు. వ్యాసం అంటే లోపలి వ్యాసానికి ఒక తీగ మందం కలిపినది. పనిచేసే చుట్టలంటే మొత్తం చుట్టల్లోంచి, పైనా కిందా నేలకి ఆనే రెండూ తీసేసినవి.

ఈ దారిలో ఒక గోతి ఉంది, నేను పడ్డాను. లోపలి వ్యాసం 52, పనిచేసే చుట్టలు 6 ఉన్న స్ప్రింగ్ తీగ 10.5 మి.మీ. అయితే రేటు 8.35 కేజీలు. అదే 11 అయితే 9.8. అర మిల్లీమీటరుకి అంత తేడా. ఆ అర మిల్లీమీటరు ఎక్కడినుంచి వస్తుందో తెలుసా? పెయింటు పొర, కింద పొంగిన తుప్పు. కనబడని చోట చిన్న ముక్క గోకి, ఇనుము మెరిశాకే కొలవండి. గోకిన చోట వెంటనే పెయింటు వెయ్యండి, లేకపోతే మన గాలికి పదిరోజుల్లో ఎర్రబడుతుంది.

చుట్టల మధ్య దూరం ఒక వైపు దగ్గరగా, ఇంకో వైపు ఎడంగా ఉన్న స్ప్రింగులకి ఈ గుణకారం పనికిరాదు. నొక్కేకొద్దీ రేటు మారేవి అవి. వాటికి ప్రెస్సే దిక్కు, అదీ రెండు మూడు చోట్ల కొలవాలి.

సరే, 8.3ని 1.16తో గుణిస్తే 9.6. దొరికే సైజులు 9.0, 9.5, 10 అనుకుంటే బావకి 9.5. నడిమధ్యలో పడితే మెత్తవైపే మొగ్గండి. ఎందుకంటే గట్టి స్ప్రింగ్‌ని ఆపడానికి షాక్‌లో డ్యాంపింగ్ కూడా ఎక్కువ ఉండాలి. రీబౌండ్ స్క్రూ (స్ప్రింగ్ తిరిగి లేచే వేగాన్ని సర్దే మర) లేని షాక్‌లో 15, 20 శాతం మించి గట్టిది వేస్తే గుంత దాటాక వెనక భాగం గుర్రంలా తంతుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు అంకె ఏ కొలతలో ఉందో చూడండి. ఒకే స్ప్రింగ్ మీద ఒకడు 9.7 అని, ఇంకొకడు 95 అని, మరొకడు 542 అని రాస్తాడు. మొదటిది మిల్లీమీటరుకి కేజీలు, రెండోది న్యూటన్లు, మూడోది అంగుళానికి పౌన్లు. మిల్లీమీటరుకి ఒక కేజీ అంటే మిల్లీమీటరుకి 9.81 న్యూటన్లు, అంగుళానికి 56 పౌన్లు.

8. అది మీ షాక్‌లో పడుతుందా

రేటు సరిపోయినంత మాత్రాన సరిపోదు. లోపలి వ్యాసం పాతదాంతో సమానంగా ఉండాలి. వదులుగా ఉంటే పక్కకి జారి షాక్ బాడీని గీకుతుంది. ఏమీ నొక్కకుండా ఉన్నప్పటి పొడవు కూడా పాతదానికి దగ్గరగా ఉండాలి.

ఇక చుట్టలు ఒకదానికొకటి ఆనుకుపోవడం. తీగ మందాన్ని మొత్తం చుట్టలతో గుణిస్తే, పూర్తిగా నొక్కేసినప్పటి ఎత్తు. స్ప్రింగ్ పొడవులోంచి అది తీసెయ్యండి. మిగిలింది, షాక్ రాడ్ కదిలే దూరం, ప్రిలోడ్ కలిపినదానికంటే కనీసం 5 మి.మీ. ఎక్కువ ఉండాలి. 180 పొడవు, 13 తీగ, ఎనిమిదిన్నర చుట్టలు: నొక్కితే 110.5, మిగిలింది 69.5. షాక్ 60 కదిలి, ప్రిలోడ్ 12 ఉంటే 72, దానికి 5 కలిపితే కావాల్సింది 77. ఆ స్ప్రింగ్ ఉచితంగా ఇచ్చినా వద్దు. చుట్టలు కొట్టుకున్న రోజున కాలరో, షాక్ మౌంటో విరుగుతుంది.

స్ప్రింగ్ దొరకలేదని ఇవి చెయ్యకండి. చుట్ట కోయించడం: రేటు పెరుగుతుంది, నిజమే, కానీ పొడవు తగ్గి, కోసిన చివర సమంగా కూర్చోక స్ప్రింగ్ వంకరగా నొక్కుకుంటుంది. చుట్టల మధ్య రబ్బరు దిండ్లు దూర్చడం: అవి దూరిన చుట్ట పనిచెయ్యడం మానేస్తుంది, మిగతావాటి మీద బరువు పడుతుంది. లారీ కట్టలకి చేసినట్టు కొలిమిలో కాల్చి సాగదీయించడం: దాని పదును పోతుంది, నెలలో మళ్ళీ కుంగుతుంది.

9. మార్చడం

కాలర్ మరలు తిరిగే రకమైతే, షాక్ బండినుంచి విప్పాక కాలర్ పూర్తిగా వదులు చేస్తే స్ప్రింగ్ చేతికి వదులుగా ఆడుతుంది. అప్పుడు చీలిక వాషర్ తీసి మార్చొచ్చు. మెట్లు మెట్లుగా తిరిగే రకమైతే మొదటి మెట్టులో కూడా స్ప్రింగ్ నొక్కుడు మీదే ఉంటుంది. దానికి స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న మెకానిక్ దగ్గరకే వెళ్ళండి. తాళ్ళు కట్టి, కాలితో తొక్కి తియ్యబోయి ముందు పళ్ళు పోగొట్టుకున్నవాడు నాకు బాగా తెలుసు.

షాక్ లోపల గ్యాస్ ఒత్తిడి ఉంటుంది. వెల్డింగ్, రంధ్రం, వేడి, ఏదీ దాని దగ్గరకి రానివ్వొద్దు. ఎలాగూ విప్పారు కాబట్టి లింకేజీ బేరింగులు కడిగి గ్రీజు పెట్టించండి. బోల్టులు మాన్యువల్‌లో ఉన్న టార్కుకే బిగించాలి.

10. పని అయిందో లేదో చూసుకోవడం

మళ్ళీ 2, 3, 4లో చెప్పిన కొలతలు తియ్యండి. మనిషితో సాగ్ 54కి తెచ్చి, ఖాళీ సాగ్ చూడండి. బావకి 9.5తో 16 వచ్చింది. పరిధిలో ఉంది.

రాడ్ బయటకి కనబడే షాక్ అయితే దానికి ఒక ప్లాస్టిక్ జిప్ టై వదులుగా బిగించి, సీలు దగ్గరకి తోసి పెట్టండి. తెలిసిన దారిలో, రోజూ వెళ్ళే వేగంతో తిరిగి రండి. స్పీడ్ బ్రేకర్లకే టై రాడ్ చివరనుండే రబ్బరు దిమ్మకి తగిలిపోతే ఇంకా మెత్తనే. సీతంపేట దారిలో ఉన్న ఘోరమైన గుంతలన్నీ తిన్నాక కూడా రాడ్ సగం దాటకపోతే గట్టిది. చెడ్డ గుంతలో ఒకటి రెండుసార్లు రబ్బరు దగ్గరకి వెళ్ళి వస్తే అదే కావాల్సింది. మొదటి టెస్టు రైడ్‌లోనే గాలి మార్చి, కాలర్ మార్చి, ముందు ఫోర్కు కూడా కదిపేస్తే దేనివల్ల ఏమైందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి.

వెనక భాగం ఇప్పుడు కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి మూడు చిన్న పనులు. చైను వదులు మళ్ళీ చూసుకోండి. హెడ్‌లైట్ వెలుగు కిందికి దిగుతుంది, కాస్త పైకి సర్దుకోండి. సైడ్ స్టాండ్ మీద బండి ఎటు వాలుతోందో గమనించండి, మరీ పక్కకి పడిపోయేలా ఉంటే స్టాండ్ కింద ప్లేటు వేయించాలి. మలుపుల్లో హ్యాండిల్ మరీ చురుగ్గా తిరుగుతోందనిపిస్తే ముందు ఫోర్కు స్ప్రింగులు మీ బరువుకి చాలట్లేదేమో కొలవాలి. ఆ పద్ధతీ ఇదే, టేపే.

మూడొందల కిలోమీటర్లు తిరిగాక సాగ్ ఇంకోసారి కొలవండి. కొత్త స్ప్రింగ్ ఒకటి రెండు మిల్లీమీటర్లు సర్దుకుంటుంది, కాలర్ పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. అంకెలన్నీ (560, ఖాళీ సాగ్, మనిషితో సాగ్, కాలర్ ఎన్నో మెట్టు, మీ బరువు) ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద అంటించండి. పాత స్ప్రింగ్‌కి నూనె రాసి గోనెసంచిలో చుట్టి దాచండి. బావ బండి వచ్చే ఏడాది అమ్ముతానంటున్నాడు. కొనేవాడు అరవై కేజీలుంటే అదే స్ప్రింగ్ మళ్ళీ కావాలి.